బొమ్మల లైబ్రరీ పెట్టాలనుకునేవాళ్లకు: విరిగిన బొమ్మకు జరిమానా వద్దు, ముక్కల లెక్క మాత్రం తప్పొద్దు

కావలి నుంచి ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న చదివాను. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ముప్పై కుటుంబాల దాకా ఉన్నాయట. ప్రతి ఇంట్లో అటక నిండా బొమ్మలే, పిల్లలేమో రెండు రోజులు ఆడి మూలన పడేస్తారు. అవన్నీ ఒకచోట చేర్చి, పుస్తకాల్లాగా ఇచ్చి పుచ్చుకునే బొమ్మల లైబ్రరీ పెడదామని ఆమె ఆలోచన. ఇంట్లో అత్తగారు "ఎవరో ఆడి వదిలేసిన ఎంగిలి బొమ్మలు మన పిల్లలకెందుకమ్మా" అంటున్నారు. అసోసియేషన్ వాళ్లు "విరిగితే బాధ్యత ఎవరిది? జరిమానా ఎంత? ముందు రూల్స్ రాయండి" అంటున్నారు. ఎన్ని బొమ్మలతో మొదలుపెట్టాలి, డిపాజిట్ ఎంత, విరిగితే ఏం చేయాలి, శుభ్రం సంగతేంటి, రిజిస్ట్రేషన్ కావాలా, ఇవీ ఆమె ప్రశ్నలు.

నేను నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి వరండాలో 2016 నుంచి బొమ్మల లైబ్రరీ నడుపుతున్నాను. అంతకు ముందు ముప్పై ఏళ్లు చిన్న బడిలో టీచర్ని. నా చేతుల మీదుగా జరిగిందే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. నలభై బొమ్మలు, ఒక బీరువా, వారానికి ఒక రోజు రెండు గంటలు, ఏ వారం మానకుండా వచ్చే ఇద్దరు మనుషులు. ఇవి కుదిరితే వచ్చే ఆదివారమే తలుపు తీయొచ్చు. డిపాజిట్ వంద రూపాయలు చాలు, కట్టలేనివాళ్ల దగ్గర అదీ వద్దు. ఒక పిల్లకు ఒకసారి ఒక బొమ్మ, గడువు రెండు వారాలు. విరిగిన బొమ్మకు జరిమానా వద్దే వద్దు. మీ అసోసియేషన్ వాళ్లకు ఈ చివరి మాట నచ్చదని తెలుసు, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మొదటి ఏడాది నేనూ జరిమానా పెట్టాను. "విరగ్గొడితే సగం ధర" అని అట్ట మీద రాసి గోడకు తగిలించాను. అందరి బొమ్మలు కదా, జాగ్రత్త ఉండాలి కదా అనుకున్నాను. ఆ దసరా సెలవులకు ముందు రెండో తరగతి పాప ఒకతె కిచెన్ సెట్ తీసుకెళ్లింది. ప్లాస్టిక్ స్టవ్, రెండు గిన్నెలు, ఒక కుక్కరు. కుక్కరు పిడి విరిగింది. వాళ్లమ్మ రొయ్యల ప్లాంటులో పనికి పోతుంది. ఆదివారం పాపను వెంటబెట్టుకుని వచ్చి, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన యాభై నోటు ఒకటి, పది నోట్లు మూడు టేబుల్ మీద పెట్టింది. నేను తీసుకుని రసీదు కూడా రాసిచ్చాను. పాప బీరువా వైపు చూస్తూ నిలబడింది గానీ ఏదీ అడగలేదు. "ఈసారికి వద్దులే టీచర్" అని తల్లే చెప్పింది.

ఆ తర్వాత వాళ్లు రాలేదు. మూడు నెలలకు నేనే వెతుక్కుంటూ వాళ్ల వీధికి వెళ్లాను. పాప గుమ్మం ముందు కొబ్బరి చిప్పల్లో ఇసుక పోసి వంట ఆట ఆడుతోంది. వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి, టీ పెట్టిచ్చి, "మళ్లీ ఏదైనా విరిగితే కట్టలేను టీచర్, అందుకే పంపడం లేదు" అంది. కోపంగా అనలేదు, మామూలుగా చెప్పింది. నాకే ఆ టీ గొంతు దిగలేదు. ఇంటికొచ్చి ఆ అట్ట పీకేశాను. ఎనభై రూపాయలు తిరిగిస్తానంటే ఆమె తీసుకోలేదు. పాప మాత్రం సంక్రాంతి తర్వాత మళ్లీ రావడం మొదలుపెట్టింది.

జరిమానా ఉన్నచోట జరిగేది ఇదే. కట్టగలిగినవాళ్లు "డబ్బు పడేశాం కదా" అనుకుని జాగ్రత్త మానేస్తారు. కట్టలేనివాళ్లు రావడమే మానేస్తారు. ఈ రెంటికన్నా నన్ను భయపెట్టేది మూడోది: పిల్లలు దాస్తారు. చక్రం ఊడిన కారును పైకి కనపడకుండా చక్రం నొక్కిపెట్టి తెచ్చి ఇచ్చేస్తారు. ఆ చక్రం తర్వాతి ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ నోట్లోకి వెళ్తుంది. జరిమానా తీసేశాక మా దగ్గర పిల్లలు రాగానే వాళ్లంతట వాళ్లే "టీచర్, ఇదిగో ఇక్కడ ఊడింది" అని చూపిస్తున్నారు. నాకు కావలసింది ఆ మాటే.

విరిగినవన్నీ ఒక బుట్టలో వేస్తాం. నెలాఖరు ఆదివారం మా వీధి సైకిల్ షాపు అబ్బాయి వచ్చి కూర్చుంటాడు. ఫెవిక్విక్, ఎం-సీల్, చిన్న స్క్రూలు, సూదీ దారం. విరగ్గొట్టిన పిల్లలు పక్కన కూర్చుని పట్టుకోవడం, ఊదడం చేస్తారు (జిగురు వాళ్ల చేతికి ఇవ్వం). అతుక్కోనివి పారేస్తాం. బొమ్మ ఆడితే అరుగుతుంది, విరుగుతుంది. ఏడాదికి ఎన్నో కొన్ని పోతాయని ముందే లెక్కలో రాసుకోండి.

ఇక్కడ మూడు విషయాలు కలిపేయకండి. విరగడం వేరు, పోవడం వేరు, ఆలస్యం వేరు. పోగొడితే డబ్బు వద్దు, ఇంట్లో ఉన్న ఇంకో బొమ్మ తెచ్చివ్వమంటాం. ఏ బొమ్మా లేని ఇల్లయితే అదీ అడగం. ఆలస్యమైతే ఫైను లేదు, పాతది తెచ్చేదాకా కొత్తది ఉండదు. అంతే. పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది, పెద్దవాళ్లకే వివరించాలి.

డిపాజిట్ గురించి ఒక్క మాట. మా రిజిస్టర్లో డిపాజిట్ గడిలో అందరికీ ఒకే టిక్కు ఉంటుంది, కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ. ఎవరు కట్టారో నాకూ నాతో కూర్చునే ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు. ఈ పద్ధతి మొదటి రోజు నుంచే పెట్టండి, మధ్యలో మార్చడం కష్టం.

బొమ్మల లైబ్రరీని నిలబెట్టేది ముక్కల లెక్క. ఇది నేను రెండేళ్లు నష్టపోయి నేర్చుకున్నాను. ఇరవై నాలుగు ముక్కల పజిల్లో ఒక ముక్క పోతే దాన్ని ఇంకెవరూ తీసుకోరు. బొమ్మ విరగకుండానే చచ్చిపోయినట్టు. నాకు తెలిసి మూతపడిన బొమ్మల గదులు రెండున్నాయి. రెండింట్లోనూ బొమ్మలు బోలెడు, ఏదీ పూర్తిగా లేదు.

మేము చేసేది ఇది. ప్రతి బొమ్మకూ ఒక గుడ్డసంచి, నోటికి నాడా. టైలర్ దగ్గర మిగిలిన ముక్కలతో కుట్టించాం. సంచికి ఒక అట్టముక్క వేలాడుతుంది. దాని మీద బొమ్మ ఫోటో, నంబరు, "ముక్కలు: 24" అని రాసి, పైన టేపు అంటించి ఉంటుంది. ప్రతి ముక్క వెనకా అదే నంబరు పర్మనెంట్ మార్కర్‌తో వేస్తాం. ఈ పని విసుగు పుట్టిస్తుంది, మొదటి నలభై బొమ్మలకు ఇద్దరికి రెండు సాయంత్రాలు పట్టింది. కానీ ఆ నంబరు ఉంటేనే ఎవరింట్లోనో మంచం కింద దొరికిన ముక్క ఏ సంచిదో తెలుస్తుంది.

తిరిగి తెచ్చినప్పుడు లెక్క నేను పెట్టను, పిల్లలే పెడతారు. చాప మీద సంచి బోర్లించి, ఒక్కో ముక్క నా వైపు జరుపుతూ లెక్కపెట్టాలి. నాలుగేళ్లవాడు పదమూడు తర్వాత పదిహేను అంటాడు, మళ్లీ మొదటి నుంచి. నిమిషం పనికి ఐదు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. వెనక నిలబడ్డ తల్లులు తొందరపడి లెక్కపెట్టేయబోతారు, వాళ్లను ఆపడమే నా పని.

గుమ్మం పక్కన మార్కాపురం రాతి పలక ఒకటి వేలాడదీశాం, చెక్క చట్రం ఉన్న పాతకాలం పలక. దొరకని ముక్కలు దాని మీద బలపంతో రాస్తాం. "17 – ఏనుగు చెవి." "31 – ఎర్ర చక్రం." పేర్లు రాయం, ఎవరు పోగొట్టారో అక్కడ ఉండదు. పిల్లలు వచ్చీరాగానే ముందు ఆ పలకే చదువుతారు. ముక్క దొరికితే తెచ్చినవాళ్లే తడిగుడ్డతో ఆ గీత తుడవాలి. ఏనుగు చెవి నాలుగు నెలల తర్వాత దొరికింది. ఒక ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉందట. తెచ్చిన పిల్లవాడు ఆ పజిల్ తీసుకున్నవాడు కూడా కాదు, వాడి తమ్ముడు.

ఇక మీ అత్తగారి మాట. దాన్ని కొట్టిపారేయకండి, ఆమెతో వాదనకూ దిగకండి. ఆమె మాటలో రెండు విషయాలున్నాయి, ఒకటి శుభ్రం, రెండోది పరువు. పరువు సంగతి ముందు. మన ఇళ్లలో పురుడు వచ్చినప్పుడు ఉయ్యాల ఎక్కడి నుంచి వచ్చేది? నలుగురు బిడ్డలు పెరిగిన ఇంటి నుంచి అడిగి తెచ్చుకునేవాళ్లం. పసిబిడ్డకు కొత్త బట్టలు గుచ్చుకుంటాయని, బాగా ఉతికి మెత్తబడ్డ పాత చొక్కాలు చుట్టాల ఇంటి నుంచి వచ్చేవి. నలుగురు ఊగిన ఉయ్యాల అంటే మంచి శకునమే గానీ ఎంగిలి కాదు. మీ అత్తగారికీ ఆ ఉయ్యాల సంగతి గుర్తుండే ఉంటుంది, అడిగి చూడండి. ఇంకో ఉపాయం, ఆమెనే లైబ్రరీకి పిలవండి. మా వీధిలో ఇలాగే కాదన్న పెద్దావిడ ఇప్పుడు ప్రతి ఆదివారం వామనగుంటల పీట దగ్గర కూర్చుంటుంది. చింతపిక్కలు గుప్పిట్లోంచి ఒక్కొక్కటిగా గుంటల్లో జారవిడిచే వేగం ఆమెకు తప్ప ఎవరికీ రాదు. పిల్లలు ఆమె చెయ్యి చూస్తూ కూర్చుంటారు. అష్టాచెమ్మా, పులిజూదం కూడా ఆమే నేర్పింది. గవ్వలూ చింతపిక్కలూ ముక్కుల్లో పెట్టుకుంటారు గనుక ఐదేళ్లలోపు పిల్లలను మాత్రం ఆ పీట దగ్గర ఒంటరిగా వదలం, వాటిని ఇంటికీ ఇవ్వం.

శుభ్రం సంగతి నిజమైన ప్రశ్న, దానికి పనితోనే జవాబు చెప్పాలి. ప్లాస్టిక్ బొమ్మలు సబ్బునీళ్లలో కడిగి, మంచినీళ్లలో జాడించి, ఎండలో ఆరబెడతాం. చెక్క బొమ్మలు నానబెట్టకూడదు, ఉబ్బి పగులుతాయి. సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఆరనివ్వాలి. బ్యాటరీ బొమ్మలు బ్యాటరీ తీసి తుడవాలి. దూదితో కుట్టిన మెత్తటి బొమ్మలు మొదటి ఏడాది పెట్టుకోకండి. అవి లోపల ఆరవు, మన తేమకు వాసన వస్తాయి. కడిగి ఆరిన బొమ్మే బీరువాలోకి వెళ్లాలి, తెచ్చిన బొమ్మ తెచ్చినట్టు ఇంకొకరికి ఇవ్వకండి, ఎంత గొడవ చేసినా సరే.

ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసినా, చేతులు కాళ్లు నోరు పొక్కే జబ్బు, అదే హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ వచ్చినా తగ్గేదాకా బొమ్మ మీ దగ్గరే ఉంచుకోండని ముందే చెబుతాం. ఆలస్యం లెక్కలోకి రాదు. ఆ రెండో జబ్బు వైరస్ మీద చేతులకు రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బుతో కడగడం, ఆ తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడిచి మళ్లీ మంచినీళ్లతో కడగడం మేలు. 2020 మార్చిలో కరోనాకు మూసేసి, మళ్లీ తెరిచినప్పుడు అందరూ భయపడ్డారు. అప్పుడు కడిగిన తేదీ కూడా సంచి అట్ట మీద రాయడం మొదలుపెట్టాం. ఆ అలవాటు ఉంచేశాం. తల్లులు ఆ తేదీ చూసి కుదుటపడతారు.

భద్రత విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. ఇళ్ల నుంచి వచ్చే బొమ్మల్లో సగానికి పైగా తిప్పి పంపాల్సి వస్తుంది. పెద్ద మనసుతో ఇచ్చారు, వద్దంటే ఏమనుకుంటారో అని నేను మొదట్లో అన్నీ తీసుకున్నాను. తర్వాత మోయలేకపోయాను. ఇప్పుడు గుమ్మంలోనే చూసి చెప్పేస్తాను.

మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో గొంతులో ఇరుక్కునే ముక్క ఉండకూడదు. ప్రమాణాల్లో దీనికి ఒక గొట్టం కొలత ఉంది, వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, దానికన్నా కాస్త పెద్ద రంధ్రం అన్నమాట. మేము ఇంచుంపావు పీవీసీ పైపు ముక్క పెట్టుకున్నాం, లోపలి వెడల్పు ప్రమాణం కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది, అది మన మంచికే. ఆ పైపులో నొక్కకుండా దూరిపోయే ముక్క ఏదైనా ఉంటే ఆ బొమ్మ పై అరకు వెళ్తుంది, చిన్నపిల్లలకు ఇవ్వం. పైపు ముక్క ప్లంబర్ దగ్గర ఊరికే దొరుకుతుంది.

బటన్ బ్యాటరీ అంటే గుండీ అంత ఉండే గుండ్రటి బ్యాటరీ. దాని మూత స్క్రూతో బిగించి లేకపోతే ఆ బొమ్మ వద్దు. మింగిన బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. అలాంటిది జరిగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు చేయకుండా నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. చిన్న చిన్న గట్టి అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగుల మధ్య ఒకదానికొకటి అతుక్కుని పేగుకు చిల్లు పెట్టగలవు. ఈ రెండు రకాలూ మా బీరువాలో ఉండవు.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు, కొన్ని చేతిపని బొమ్మలకు తప్ప, ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. కొత్తవి కొంటే ఆ గుర్తు చూసే కొనండి. తిరునాళ్లలో, బండ్ల మీద కొన్నవాటికి చాలావరకు ఉండదు. అంతకు ముందు కొన్న పాత బొమ్మలకు గుర్తు ఉండదు కాబట్టి మనమే చూసుకోవాలి. గోటితో గీకితే రంగు పొరలుగా లేస్తుందా, అయితే వద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, అది కంటికి తెలియదు.

బాబుకు నడక నేర్పే వాకర్లు కూడా చాలా ఇళ్లలో ఖాళీగా ఉంటాయి, తెచ్చి ఇస్తామంటారు. బిడ్డ మధ్యలో కూర్చుని కాళ్లతో నెట్టుకునేవి తీసుకోకండి. మెట్ల మీంచి పడతారు, పొయ్యి దాకా వెళ్తారు. కెనడాలో 2004లో వాటి అమ్మకమే నిషేధించారు. నిలబడి పట్టుకుని తోసుకుంటూ పోయే మన పాత మూడు చక్రాల చెక్క బండి వేరు, అది మా దగ్గర రెండుంటే రెండూ ఎప్పుడూ బయటే ఉంటాయి.

ఏ బొమ్మలు పెట్టాలి అంటారా. మా రిజిస్టరు తిరగేస్తే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. మీట నొక్కితే పాట పాడే బొమ్మలు ఆదివారం మొదట పోతాయి, మళ్లీ ఆదివారానికే తిరిగొస్తాయి. బిల్డింగ్ బ్లాకులు, కిచెన్ సెట్లు, పజిళ్లు, లారీలు మాత్రం గడువు పొడిగించమని అడుగుతారు. పాట పాడే బొమ్మ అది చేసే పని చేసేస్తే పిల్లలకు చేయడానికి ఏమీ మిగలదు. మీ నలభైలో పది బ్లాకులు, పది పజిళ్లు, ఐదారు వంట సామాన్లు, ఐదారు బండ్లు, మిగతావి బోర్డు ఆటలు, రెండేళ్లలోపు వాళ్లవి పెట్టుకోండి. వంట సామాన్లు మగపిల్లలూ అంతే ఇష్టంగా తీసుకుంటారు, వద్దనకండి.

ప్లాస్టిక్ గరిటెలు వారానికొకటి విరుగుతుంటే మా దగ్గర ఒక మార్పు చేశాం. మన జిల్లాలోనే ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తారు కదా, రంగు వేయనివి చిన్న సైజువి కొన్ని తెచ్చి కిచెన్ సెట్ సంచుల్లో వేశాం. ఇన్నేళ్లలో రెండే విరిగాయి. పిల్లలకు కూడా అసలు గరిటె చేతికొచ్చిందన్న సంతోషం. ఏటికొప్పాక లక్క బొమ్మలు కూడా మంచివే, చెట్ల నుంచి తీసిన రంగులు వాడిన అసలైనవి దొరికితే. కొండపల్లి బొమ్మలు ఎవరైనా ఇస్తే వద్దనండి. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, ఆటకు నిలవదు. అవి కొలువులో పెట్టి చూసుకునేవి.

మీ ప్రశ్నలో మీరు అడగని విషయం ఒకటి నేను అడుగుతాను. లైబ్రరీ ఎక్కడ పెడుతున్నారు? క్లబ్ రూములో అన్నారు, రెండో అంతస్తులో. దయచేసి అక్కడ వద్దు. గేటు పక్కన, కింద, దారిన పోయేవాళ్లకు కనపడేచోట పెట్టండి. మీ వాచ్‌మన్ పిల్లలు, పనికి వచ్చేవాళ్ల పిల్లలు, ఇస్త్రీ బండి అతని పిల్లలు రెండో అంతస్తు మెట్లు ఎక్కరు. ఎక్కమని బోర్డు పెట్టినా ఎక్కరు. వాళ్లు అడగరు, మీరే పేరు పెట్టి పిలిచి రిజిస్టర్లో రాయాలి. అటకలు నిండిపోయినవాళ్ల మధ్యే బొమ్మలు తిరిగితే అటక మారుతుంది, అంతే. అసోసియేషన్‌లో ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారు. చెప్పనివ్వండి, ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గకండి.

ఇది నా సొంత పట్టుదలేమీ కాదు, బొమ్మల లైబ్రరీ పుట్టిందే దీనికోసం. 1935లో, అమెరికాలో పనులు దొరక్క జనం అల్లాడుతున్న రోజుల్లో, లాస్ ఏంజెలెస్‌లో ఒక దుకాణంలో పిల్లలు బొమ్మలు దొంగిలిస్తూ దొరికారు. వాళ్ల ఇళ్లలో ఆడుకోవడానికి ఏమీ లేదని తెలుసుకున్న పెద్దలు శిక్షించే బదులు ఒక గ్యారేజీలో బొమ్మలు అరువిచ్చే ఏర్పాటు చేశారు. అక్కడ బొమ్మ బాగా చూసుకుని సమయానికి తెచ్చే పిల్లలకు కొన్నిసార్ల తర్వాత ఒక బొమ్మ సొంతానికి ఇచ్చే పద్ధతి పెట్టారు. నేను అది చూసే, ఏడాదంతా క్రమంగా వచ్చిన పిల్లలకు ఉగాది రోజు ఒక బొమ్మ ఇచ్చేస్తున్నాను. జరిమానా కన్నా ఇది బాగా పనిచేసింది. తర్వాత 1963లో స్వీడన్‌లో, 1967లో ఇంగ్లాండులో మొదలైనవి వైకల్యం ఉన్న పిల్లల తల్లులు తమ పిల్లల కోసం పెట్టుకున్నవి. మన దేశంలో ముంబైలో 1982 నుంచే ఈ పని చేస్తున్నవాళ్లున్నారు.

వైకల్యం ఉన్న పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మీ మండలంలో అలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచర్లకు ఒకసారి చెప్పి రండి. మా దగ్గరికి అలా వచ్చిన ఒక బాబుకు వేళ్లు సరిగా ముడుచుకోవు. పజిల్ ముక్కల మీద ఉండే చిన్న పిడి వాడికి అందదు. వడ్రంగి దగ్గర డ్రాయరు సొరుగులకు బిగించే చెక్క గుబ్బలు ఆరు తెచ్చి, పాత పిడులు తీసేసి అవి బిగించాం. మొదటి రోజు వాడు పిడికిలితో ఆ గుబ్బ పట్టుకుని ముక్క లేపాడు, పెట్టడం రాలేదు. మళ్లీ లేపాడు. ఆ రోజు గంటసేపు లేపడమే ఆట. ఆ పజిల్ వాళ్లింట్లో పదకొండు నెలలు ఉంది, నేను అడగలేదు. రెండు వారాల గడువు ఇలాంటి పిల్లలకు వర్తించదని రిజిస్టరు మొదటి పేజీలోనే రాసుకోండి.

తిరిగిచ్చేటప్పుడు ఏడుస్తారు, ముఖ్యంగా మూడు నుంచి ఐదేళ్లవాళ్లు. తల్లులకు ఇదే పెద్ద టెన్షన్, ఏడుస్తారని అసలు చేరరు. బిడ్డను ఇంట్లో ఉంచి మీరు చాటుగా తెచ్చివ్వకండి, అది బిడ్డకు దొంగతనంలా కనిపిస్తుంది. ముందు రోజు రాత్రే చెప్పి, తనతోనే సంచిలో పెట్టించి, తన చేతే మోయించుకుని రండి. ఇంకెవరూ అడగకపోతే గడువు పొడిగిస్తాం. ఒక బాబు ఎర్ర లారీని మూడుసార్లు పొడిగించుకున్నాడు, నాలుగోసారి ఇంకో పిల్లవాడు వరసలో ఉన్నాడు. వీడు లారీ తొట్టిలోంచి పెన్న ఇసుక, రెండు గులకరాళ్లు తీసి జేబులో పోసుకుని, "దీన్ని ఎత్తు మీద వదలొద్దు, ముందు చక్రం పక్కకి పోతుంది" అని వాడికి చెప్పి ఇచ్చాడు. ఆ చక్రం సంగతి నాకు తెలియనే తెలియదు. మళ్లీ బీరువా దగ్గరికి వెళ్లి ఏడుస్తూనే ఇంకోటి ఎంచుకున్నాడు. ఏడవనివ్వండి, ఎంచుకునే టైము ఇవ్వండి.

ఖర్చు పెద్దగా లేదు. సెకండ్ హ్యాండ్ బీరువా, చాపలు, సంచులు, కొత్తగా కొన్న పది పన్నెండు బొమ్మలు కలిపి మాకు ఏడు వేలు అయింది, అప్పటి ధరల్లో. మీకు ఇంకొంచెం అవుతుంది. నెలకు ఇంటికి ముప్పై రూపాయలు పెట్టుకుంటే జిగురుకూ సబ్బుకూ, కొత్త బొమ్మకూ సరిపోతుంది. సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఆడిట్లు ఉంటాయి. మొదటి ఏడాది ఆ జోలికి పోకండి. ఒక నోటుపుస్తకం, నెలకోసారి గోడ మీద జమాఖర్చు చాలు. టైము ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు మంచిది, మిగతా రోజులు ట్యూషన్లు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం సాయంత్రం ఐదుకు మార్చండి, మన ఎండల్లో పిల్లలను పదింటికి బయటకు రమ్మనకూడదు.

చివరిగా వానల సంగతి, కావలి కూడా సముద్రానికి దగ్గరే కాబట్టి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ బీరువా గోడకు జానెడు దూరం జరిపి, కింది అర ఖాళీగా ఉంచండి. అట్ట పజిళ్లు పై అరలో పెట్టండి, చెక్కవి ఎండ వచ్చిన రోజు వరండాలో పరవండి. బ్యాటరీలన్నీ బొమ్మల్లోంచి తీసి వేరే డబ్బాలో వేసి తాళం పెట్టండి, లేకపోతే చిలుము పట్టి బొమ్మే పోతుంది. పురుగు పట్టకుండా బట్టల బీరువాలో వేసినట్టు కలరా ఉండలు వేస్తారు కొందరు. అవి మాత్రం వేయకండి. తెల్లగా గుండ్రంగా బిళ్లల్లా కనిపిస్తే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, అది విషం. నీడన ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి ప్రతి అరలో ఒకటి పెట్టి, నెలకోసారి మార్చండి.